పదకొండో పెట్టె సీలు

చిరంజీవి చిన్నోడికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్నగారి మోకాలు మాత్రం ఆయన మాటలాగే ఎక్కడా వంగడం లేదు. నువ్వూ క్షేమమని తలుస్తాను.

"మా అణు సబ్‌మెరైన్ రెడీ, మేం రెడీ, ఇంధనమే రాలేదు. నెల దాటింది, గట్టు మీద గోళ్లు గిల్లుకుంటున్నాం. ఇది ఏ మహానుభావుడి నిర్వాకమో మీ గోదాములో కనుక్కో" అని రాశావు. చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ముందు మా తనిఖీ అధికారిణి గురించి చెప్పాలి. మేమంతా కళ్లద్దాలమ్మ అంటాం. మీ ఇంధనమైన యురేనియంలో ఒక్క గ్రాము కూడా బాంబులకు మళ్లించబోమని మన దేశం పైదేశాలకు మాటిచ్చింది కదా, అది నిలబడుతోందో లేదో చూడటం ఆవిడ పని. ఇంధనం మీ సబ్‌మెరైన్‌లోకి వెళ్లాక ఏళ్ల తరబడి బయటివాళ్లెవరూ చూడలేరు. అందుకే గోదాములో ఉండగానే కొలిచి, ప్రతి పెట్టెకూ తీగతో సీలు వేస్తారు. సీలు తెగితే ఆ లెక్కను ఎవరూ నమ్మరు.

ఇక అసలు సంగతి. ఆ మహానుభావురాలు మీ అమ్మే. పై అర తుడుస్తుంటే నా గడియారం గొలుసు తగులుకుని, పదకొండో పెట్టె సీలు తీగ పుటుక్కున తెగింది. చుట్టూ ఎవరూ లేరు. కొసలు రెండూ మెలేసి కలిపేశాను. నీ మొదటి ప్రయాణం ఆగిపోతుందని నోరు మెదపలేదు. రెండు రోజులు ఆ అర వైపు వెళ్లకుండా తప్పించుకు తిరిగానురా. మూడో రోజు వెళ్లి ఆవిడకు చెప్పేశాను.

ఆవిడ కసురుకోలేదు. "ఎవరూ చూడలేదు కదండీ, మరెందుకు చెప్పారు?" అన్నారు.

"ఆ సబ్‌మెరైన్‌లో ఉండేది మా అబ్బాయండీ. రేపు వాడి మీద ఎవరూ వేలెత్తి చూపకూడదు."

"అయితే అన్నీ మొదటి నుంచి చూద్దాం" అని నా దగ్గరుండే గోదాము తాళాలు తీసేసుకున్నారు. నలభై పెట్టెలు, ఆరు వారాలు. అరవై దాటిన మనిషి, పొద్దస్తమానం స్టూలు దిగితే ఒట్టు. గ్రాము తేడా రాలేదు. ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

నిన్న ఆఖరి సీలు వేశారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. గోదాము తరఫు మనిషి సీలు మీది నంబరు పైకి చదవాలి, ఆవిడ రాసుకోవాలి. అదీ పద్ధతి. మా ఆఫీసరు ముందుకొచ్చాడు. ఆవిడ ఆయన్ని ఆపి, నన్ను పిలిచి టార్చి చేతిలో పెట్టారు.

"ఈవిడ చదివితే నాకు అనుమానం ఉండదండీ" అన్నారు.

ఒక్క అంకె కూడా తప్పు పోకూడదని రెండుసార్లు చదివాను.

ఇంధనం సోమవారం బయల్దేరుతుంది. తిట్టాలనుంటే నీళ్లలోకి దిగేలోపే తిట్టెయ్.

ఇట్లు,
నీ ప్రయాణాన్ని ఆరు వారాలు ఆపిన
మీ అమ్మ