బోసి మగ్గం

నవంబర్ 4
హసన్‌పర్తిలో పెద్దమ్మ వాళ్ల వెనక గది. మట్టెవాడలో మా ఇల్లు, బాపు జంపఖానాలు నేసే షెడ్డు వరదలో మునిగి రెండు నెలలు దాటింది. ఇక్కడ పొద్దున్నే పిట్టల గొడవ. పోగును దిగగొట్టే ఇనుప పంజా చప్పుడు లేదు... ఆ చప్పుడుకే నేను ఎక్కాలు నేర్చుకున్నాను.

నవంబర్ 6
వరదకు పని పోయినవాళ్లకిచ్చే సాయం ఈ నెలతో సరి. ఇంకో మూడు నెలలు పొడిగిస్తారట — ఆఫీసు సార్ ఇంటికొచ్చి చూసి, పని లేదని రాసుకుంటేనే.
అమ్మ: "ఇది గిట్ల రాకుంటే అక్క మీద పడి ఎన్నొద్దులని తింటం?"

నవంబర్ 8
కాన్వెంట్ గుర్తొచ్చింది. తెల్ల సాక్సులకు ఎర్ర నూలు పోగులు. సిస్టర్ నా వేళ్లు తిప్పి చూసేది. ఇంకు మరకా ఇది? కాదు సిస్టర్, నూలు రంగు. అంతకన్నా చెప్పలేకపోయేదాన్ని.
సాయంత్రాలు మగ్గం పక్కన పుస్తకం. బాపు అనేవాడు: "నువ్వు సదువు బిడ్డా, పోగు నేను సూసుకుంట."

నవంబర్ 11
సార్ వచ్చి వెళ్లాడు.
మావాళ్లకు ఒక పట్టింపు. కొత్త పడుగు అతికేదాకా పాత పోగులు కొయ్యరు. ఇంటికొచ్చిన మనిషికి ఖాళీ మగ్గం చూపించరు. సార్ వస్తాడని బాపు తెల్లవారుతూనే లేచాడు. మునిగిన షెడ్డు నుంచి ఇక్కడికి తెచ్చుకున్న మగ్గం చట్రానికి, బురద మరక వదలని నూలుతో పడుగు కట్టాడు. తెల్ల అంగీ వేసుకుని నేస్తూ కూర్చున్నాడు.
సార్ నవ్వాడు. "పని మంచిగనే నడుస్తాంది గద, పెద్దాయనా!"
బాపు కూడా నవ్వాడు. "మీ దయ సార్."
నేను తలుపు వెనక. బయటికి రాలేదు.

నవంబర్ 12
లిస్టులో బాపు పేరు లేదు. పని దొరికినవాళ్ల కింద రాశారు.
అమ్మ: "పెండ్లిచూపులకు కూసున్నట్టు తెల్లంగి ఏసుకొని కూసుంటివి!"
బాపు: "బోసి మగ్గం ముందల ఎట్ల నిలవడాలె?"

నవంబర్ 14
అర్జీ రాశాను. మూడు కాగితాలు చింపి.
ఆఫీసులో బాపు నా పక్కనే. గది నిండా జనం. సార్ అడిగాడు: "మీ నాయిన పని చేస్తాండా లేదా, సక్కగ చెప్పమ్మా."
"లేదు సార్. పని లేదు. ఆ నూలుతో నేసింది ఎవరూ కొనరు."
నా గొంతేనా అది? బాపు కిటికీ వైపు చూశాడు.
"సోమవారం మళ్లొస్త. మగ్గం మీద పోగు కనవడద్దు."
తిరుగు బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. చిన్నప్పుడు ఆయన భుజం మీద నిద్రపోయేదాన్ని. ఈసారి మధ్యలో నా సంచి.

నవంబర్ 17
జానెడు నేసి ఆపాడు బాపు. ఇవాళ దగ్గరికెళ్లి చూశాను. ఎరుపు, పసుపు మెట్లు. ఇలాంటి జంపఖానా మీదే బోర్లా పడుకుని చదివేదాన్ని, పదో తరగతి దాకా. అది వరదలో పోయింది... ఇది నాకోసమేనా అని అడగలేదు.

నవంబర్ 18, సోమవారం
అమ్మ కత్తెర తెచ్చి బాపు ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.
"నువ్వే కొయ్యి బిడ్డా. నాతోని కాదు."
బయటికి పోయి గోడకు ఆనుకున్నాడు.
ఒక పోగు కోశాను. తెగిన కొన చట్రం మీద వేలాడుతోంది. పక్కవి అలాగే బిగువుగా. కత్తెర ఒళ్లో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పదింటికి వస్తానన్నాడు సార్. తొమ్మిదిన్నర దాటింది.
గోడ అవతలి నుంచి — "అయిందా, బిడ్డా?"