దూదా? తొందరా?

ప్రియమైన అక్కకు,

ఒక అన్యాయం జరగబోతోంది. చేయబోతున్నది నువ్వు. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు కాబట్టి మొదటి వాక్యంలోనే చెప్పేశాను.

"ఇంట్లో తోడుగా ఉంటుంది, మీ మంద దగ్గరి కుక్కల్లో ఒకదాన్ని పంపరా" అని రాశావు. లిఫ్టు లేని ఇంటి ఐదో అంతస్తులో, రెండు గదుల మధ్య, గొర్రెల వెంట పరుగెత్తడానికి పుట్టిన ప్రాణిని పెట్టుకుంటావా? అది చేసిన నేరమేమిటి? ఏ కోర్టు వేసింది ఈ శిక్ష? ఈ కొండ మీద కూర్చుని ఇన్ని కరపత్రాలు చదివి నేను తెలుసుకున్నది ఒక్కటే: బంధించేవాడు ఎప్పుడూ ప్రేమ పేరే చెబుతాడు.

ఈ మాటే మా మంద యజమాని పెద్దాయనతో అన్నాను. ఆయన ఒక గొర్రెను ఒడిలో ఎత్తిపట్టి డెక్కలు కత్తిరిస్తూ నవ్వాడు. "మీ అక్క అడిగింది కుక్కనురా, నీ ఉపన్యాసాన్ని కాదు. పని మాన్పించినవి రెండున్నాయి. ఏది కావాలో కనుక్కో" అన్నాడు. ఆయన మాట కాదనలేక కనుక్కుంటున్నాను.

ఒకటి దూది. షెల్టీ జాతి. మోకాలు దాటని ఎత్తు, ఒంటినిండా బొచ్చు. కాలు బెణికి కుంటుతోందని మంద నుంచి తప్పించారు. ఆకు కదిలినా మొరుగుతుంది గానీ, సాయంత్రం ఒక్కసారి వీధి చివరిదాకా తిప్పితే చాలు, మిగతా పొద్దంతా కాళ్ల దగ్గర పడుకుంటుంది. రెండోది తొందర. బోర్డర్ కోలీ జాతి, నలుపూ తెలుపూ, ఏడాదిన్నర ఆడది. పిలిచినా ఆగదు, కొట్టినా ఆగదు, గొర్రెల చుట్టూ తిరిగి తిరిగి వాటిని బెదరగొట్టి మేత మాన్పించింది. అందుకని పెద్దాయన గొలుసు వేశాడు. ఆ గొలుసు గురించి మా ఇద్దరికీ రోజూ గొడవే.

నన్నడిగితే రెండూ వద్దు. తోడుకు బావ ఉన్నారుగా!

ఇట్లు,
కోపంగానే, ప్రేమగానే
నీ తమ్ముడు


ఒరే కరపత్రం,

నీ ఉత్తరం మీ బావ ఎప్పటిలాగే భోజనాల దగ్గర పైకి చదివారు. "బంధించేవాడు ప్రేమ పేరే చెబుతాడు" అన్నచోట ఆగి, "మీవాడు భలే రాస్తాడోయ్" అని మెచ్చుకున్నారు కూడా.

నేను బాగానే ఉన్నాను. డ్యూటీలో కళ్లు తిరిగి బస్సులో పడిపోయి ఎనిమిది నెలలైంది. నుదుటి మీద కుట్లు పడిన గీత కూడా చెరిగిపోయింది. ఒంట్లోకి రక్తం వచ్చింది, ఇక టికెట్లు కొట్టుకోవచ్చు పొమ్మన్నాడు డాక్టరు. అది నాలుగు నెలల కిందటి మాట. మీ బావ "ఇంకో నెల చూద్దాం" అంటున్నారు. పాలూ కూరలూ ఆయనే తెస్తారు. ఈ ఉత్తరాలు కూడా మందుల షాపులో పనికి వెళ్తూ ఆయనే పోస్టు చేస్తారు. నాకు ఏ శ్రమా లేదు. బాల్కనీలో కూర్చుని నా పాత బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో చూసుకుంటాను. ఇవాళ పదకొండు.

కుక్క సంగతి. తొందర రోజుకు ఎన్నిసార్లు కిందికి దిగాలి? దించకపోతే ఏం చేస్తుంది? ఇంట్లోనే కానిచ్చేస్తుందా, లేక ఆపుకుంటుందా? ఒకరు పొద్దున తొమ్మిదికి పనికి పోతే, ఇంట్లో ఉన్న రెండోవాళ్లే దాన్ని దించాలి కదా? ఒక్కటీ వదలకుండా రాయి.

ఉంటాను,
నీ అక్క

బావమరిదీ, ఈ నాలుగు ముక్కలు నావి. మీ అక్కకు శ్రమ పెట్టని కుక్క కావాలి. మా మెట్లు తొంభై రెండు. ఆలోచించి పంపు. – బావ


ప్రియమైన అక్కకు,

తొందర నీకు వద్దు. వద్దంటే వద్దు.

అడిగావు గనుక విను. రోజుకు మూడుసార్లు తప్పనిసరిగా దిగాలి. అందులో ఒకటైనా గంటకు తగ్గని పరుగు ఉండాలి. దించకపోయావా, ఇల్లు పీకి పందిరేస్తుంది. పోయిన నెల ముసురు పట్టి మూడు రోజులు పాకలో ఉంచాం. బకెట్ పిడి నమిలేసింది. తలుపు కింది చెక్క ఊడబీకింది. చివరికి పాకలోని కోళ్లన్నిటినీ ఒక మూలకు తోలి, వాటి ముందు కూర్చుని కాపలా కాసింది. పాపం, అవి గింజ ముట్టడానికి కూడా కదల్లేదు! ఇంట్లో మాత్రం కానివ్వదు, ప్రాణం పోయినా చేయదు. తలుపు దగ్గర నిలబడి నీ కళ్లలోకి చూస్తుంది. మొరగదు, మూలగదు. ఊరికే చూస్తుంది. ఆ చూపుకు పొట్టేళ్లే తలవంచుతాయి, నువ్వెంత?

పెద్దాయన ఏమన్నాడో తెలుసా? "ఆ కుక్కను ఇంట్లో పెట్టుకోవడమంటే రిటైరైన మొగుణ్ని పెట్టుకున్నట్టే. ఎటు తిరిగినా ఎదురుగా ఉంటుంది, ఏం కావాలో చెప్పదు."

కాబట్టి దూది. జీవితంలో మొదటిసారి బావతో ఏకీభవిస్తున్నాను, ఈ తేదీ రాసిపెట్టుకో. దూదికి నీ గదుల్లో ఉక్కిరిబిక్కిరి తక్కువ. తొందర అయితే ఆ గోడల మధ్య పిచ్చెక్కిపోతుంది. ఏ ప్రాణినైనా అలా పెడితే పిచ్చెక్కదా? కాస్త ఆలోచించు!

నీ తమ్ముడు


ఒరే కరపత్రం,

తలుపు చెక్క ఎంత మేర ఊడబీకింది? జానెడా, ఇంకా ఎక్కువా? ఆ చూపు గురించి ఇంకొంచెం రాయి. మనుషుల మీద కూడా పనిచేస్తుందా? పట్టుదల ఉన్న మనుషుల మీద?

ఎవరికైనా దూదే నచ్చుతుంది, ఒప్పుకుంటాను. కానీ నువ్వు తొందర గురించి రాసిన పేజీని నాలుగుసార్లు చదివాను. ఇవాళ బస్సు సరిగ్గా వేళకే వచ్చింది. కొత్త కండక్టర్ ఎవరో ఫుట్‌బోర్డు మీద నిలబడి ఈల వేస్తోంది. నాకంటే బాగా వేస్తోంది.

నీ అక్క

బావమరిదీ, దూది ఖాయం చేసెయ్. పరుపుతో సహా బుట్ట కొన్నాను. బాల్కనీలో ఇసుక తొట్టె కూడా పెట్టించాను. అసలు దాన్ని కిందికి దించాల్సిన పనే ఉండదు. వచ్చే నెల మొదటి ఆదివారం తీసుకొచ్చెయ్. – బావ


ప్రియమైన తమ్ముడికి,

ఈ ఉత్తరం మీ బావ చేతుల మీదుగా రావడం లేదు. పై అంతస్తులో ఉండే రిటైరైన నర్సమ్మ తన సంచిలో పెట్టుకుని దిగింది. కవరు మీద చేతిరాత కూడా ఆవిడదే.

నీకు అర్థమవుతుందనుకున్నాను. మీ కొండకు ఫోన్ అందదు. నేను రాసే ప్రతి ముక్కా మీ బావ ముందు చదివి వినిపించాల్సిందే. ఇక నేను ఎలా చెప్పను? తలుపు చెక్క గురించి అడిగితేనైనా నీకు అనుమానం రాదా? లోకంలో ఎవరి సంకెళ్లయినా నీకు కనిపిస్తాయి గదరా!

మీ బావ చెడ్డవారు కాదు. నా బాధంతా అదే. చెడ్డవారైతే అరిచి గీపెట్టేదాన్ని. నేను పడిపోతానని గదుల నిండా రబ్బరు పట్టాలు పరిచారు. స్నానాల గదికి లోపలి గడియ తీయించేశారు. గంటగంటకూ ఫోన్ చేస్తారు. ఒకరోజు చెత్తబుట్ట పట్టుకుని మూడో అంతస్తు దాకా దిగాను. ఫోన్ ఎత్తలేదని షాపు వదిలేసి పరుగెత్తుకొచ్చి, మెట్ల మీదే నన్ను పట్టుకుని ఏడ్చారు. అన్ని వాటాల వాళ్లూ తలుపులు తీసి చూశారు. ఆ రోజు నా అంతట నేనే మాటిచ్చాను, ఇక దిగనని. తాళం ఉంటే పగలగొట్టొచ్చు. ఇచ్చిన మాటను ఏం పెట్టి కొట్టను?

పదకొండేళ్లు కదిలే బస్సులో నిలబడి బతికినదాన్ని. ఇప్పుడు వంటగది నుంచి బాల్కనీకి పద్నాలుగు అడుగులు. మొన్న నర్సమ్మ వచ్చి, "ఒక్క చిటికెలో వీధిలోకి వెళ్లొద్దాం రావే తల్లీ, ఆయనకెవరు చెబుతారు?" అంది. చెప్పులేసుకున్నాను. గుమ్మం దాకా వెళ్లాను. నా కాళ్లే కదల్లేదు. ఆయన భయం నాకు అంటుకుందిరా. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే, వెళ్లమన్నా వెళ్లలేను.

అందుకే నాకు శ్రమ పెట్టని కుక్క వద్దు. దిగి తీరాల్సిన కుక్క కావాలి. గుమ్మం దగ్గర నిలబడి ఆయన కళ్లలోకి చూడాలి. నేను అడగలేనిది అది అడగాలి. అది అడిగితే ఆయన కాదనలేరు, నేను ఆగలేను.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. దూదిని ఎవరికో ఇచ్చేశామని, ఇక తొందర ఒక్కటే మిగిలిందని రాయి. ఒక్క అబద్ధం. నా కోసం.

నీ అక్క


ప్రియమైన అక్కకూ, గౌరవనీయులైన బావగారికీ,

అక్కా, ఆ అబద్ధం రాయడానికి మూడు రోజులు కూర్చున్నాను. ఐదు కాగితాలు చించాను. నా వల్ల కాలేదు. దూది ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు నా పాదం మీదే పడుకుని ఉంది. మనిషి తన ఇంటి మెట్లు తాను దిగడానికి అబద్ధాన్ని అడ్డం పెట్టుకోవాలా? దొంగతనంగా తెచ్చుకున్నది మళ్లీ దొంగలాగే దాచుకోవాలి. నన్ను తిట్టు, పడతాను.

బావా, మీ ఇంట్లో ఒక మనిషి బందీగా ఉంది. బంధించింది మీరు. డాక్టరు నయమైందని వదిలేసిన మనిషిని మీరు వదల్లేదు. ఆమె పడిపోతుందని మీకు భయం. ఆ భయం మీది. దాన్ని మోస్తున్నది మాత్రం ఆమె. అక్క కుక్కను అడిగింది ముద్దు చేయడానికి కాదు, మీ ముందు తన తరఫున నిలబడడానికి.

ఈ నేరంలో రెండో ముద్దాయిని నేనే. కుక్క స్వేచ్ఛ గురించి పేజీలు పేజీలు రాశాను. నువ్వెలా ఉన్నావని అక్కను ఒక్క ముక్క అడగలేదు. కరపత్రాలన్నీ చదివాను, ఇంటి ఉత్తరం చదవడం రాలేదు.

మీ గుమ్మంలోకొచ్చి గట్టిగా అడుగుదామని బయల్దేరాను. పెద్దాయన చొక్కా పట్టుకుని ఆపాడు. "ముందు రాయరా. మొహం మీద అరిస్తే ఆ మనిషి తలుపేసుకుంటాడు. ఉత్తరం అయితే రెండోసారి చదువుకుంటాడు" అన్నాడు. అందుకే రాశాను. రెండోసారి చదవండి. నర్సమ్మగారిని ఏమీ అనకండి.

మీ
బావమరిది


ఒరే మూర్ఖుడా,

ఒక్క అబద్ధం అడిగితే ఇల్లంతా తగలబెట్టావు. నీలాంటి తమ్ముడు పగవాళ్లకు కూడా వద్దు.

మీ బావ ఎప్పటిలాగే అన్నం కలుపుకుంటూ పైకి చదవడం మొదలుపెట్టారు. అబద్ధం మాట రాగానే కాగితం లాక్కోవాలనుకున్నాను, చేయి రాలేదు. "మీ ఇంట్లో ఒక మనిషి బందీగా ఉంది" అని ఉపన్యాసం చదివినట్టే చదివేసి, "బంధించింది మీరు" దగ్గర ఆగారు. కాగితం వెనక్కి తిప్పి చూశారు, ఇంకెవరికైనా రాశావేమోనని.

"మీరు అంటే... నేనా?"

"మీరే."

"నేనేం చేశానని? నీకేం కావాలన్నా తెచ్చిపెడుతున్నానుగా!"

"వీధి తెచ్చిపెట్టగలరా?"

కలిపిన అన్నం పక్కకు నెట్టారు. తర్వాత అన్నారు, "నువ్వు పడ్డావని ఫోన్ వచ్చిన రోజు షాపు నుంచి ఆస్పత్రికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. ఏ దారిన వచ్చానో కూడా తెలియదు. ఇంకోసారి ఆ ఫోన్ ఎత్తలేనే."

ఆ మాటకు కరిగిపోయానురా. సరే, ఎక్కడికీ వెళ్లను అనడానికి నోరు తెరిచాను. తెరిచి, ఎలా వచ్చిందో తెలియదు, "మళ్లీ పడితే మళ్లీ లేస్తాను. ఆ రోజు బస్సులో లేచి కూర్చున్నది నేనే, మీరు రాకముందే" అన్నాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పాను. ఆయన లేచి చేయి కడుక్కున్నారు. రెండు రోజులు మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు.

నిన్న నర్సమ్మ వెంట మూడో అంతస్తు దాకా దిగాను. అక్కడ కమ్మీ పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. "కూర్చోవే, మెట్లెక్కడికి పోతాయి" అని ఆవిడ పక్కన కూర్చుని వేరుశెనగలు వలిచిపెట్టింది. ఇవాళ రెండో అంతస్తు దాకా. అంతకు మించి కాలేదు. చివరి ముప్ఫై ఎనిమిది మెట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ధైర్యం వచ్చిందని రాయడం లేదు. రాలేదు.

కుక్క విషయం: తొందరే. దూది పెద్దాయన దగ్గరే ఉండనీ, ఇద్దరికీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ కూర్చోవడం ఇష్టం. తొందర నా సాకు కాదిప్పుడు. దానికి పరుగు కావాలి, నాకూ కావాలి. అంతే.

ఈ ఉత్తరం మీ బావే పోస్టు చేస్తారు. ఆఖరి మాట దాకా చదివి వినిపించాను. కింద మీరూ రాయండి అని కలం ఇచ్చాను. వద్దని తల ఊపారు. "ఆదివారం మీరూ రండి. కానీ నా చేయి పట్టుకోవద్దు" అన్నాను. చొక్కా గుండీలు సర్దుకుంటూ కూర్చున్నారు.

ఆ రోజు నర్సమ్మ కూడా నాతో దిగుతోంది. నా పాత బస్సు డ్రైవరన్నకు కబురు పెట్టాను, డ్యూటీ ఎక్కేముందు వస్తానన్నాడు. వచ్చే ఆదివారం, ఉదయం ఆరున్నరకు, మా ఇంటి కింద గేటు దగ్గర. నువ్వూ తొందరా వేళకు అక్కడ ఉండండి. ఆలస్యమైందని గోల చేయకు. పైకి రాకు, దాన్నీ పైకి తీసుకురాకు. ఎంతసేపైనా సరే, అక్కడే నిలబడండి. నేనే దిగి వస్తాను.

నీ అక్క