కీబోర్డుకు పెట్టిన బొట్టు

ఏమయ్యా, ఎట్లున్నావు? నువ్వు పోయి రెండు దసరాలు దాటాయి. నేను చెబుతుంటే మన మనవరాలు స్వప్న రాస్తోంది. నా మాటలను పుస్తకాల భాషలోకి దిద్దుతోంది… దిద్దుకోనీ. కోపాన్ని మాత్రం దిద్దొద్దన్నాను.

ముందే చెబుతున్నా, నీ మాట కాదన్నాను. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఏమన్నావు? "ఈ పొల్లను ల్యాబుల పనికి పంపకు. నా ఊపిరి ఆడనే పోయింది." మందుల కంపెనీలో మందు మరిగే మిషను పక్కనే నిలబడి, వేడి చూస్తూ, చేత్తో వాల్వు తిప్పుతూ, ఆవిరంతా నువ్వే పీల్చావు. నీ దగ్గు మరిచిపోయే మనిషినా నేను?

అయినా స్వప్న చదువు కాగానే పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో అదే పనికి కుదిరింది. ఇంట్లో లొల్లి చేశాను. ఆఖరుకు ఒక షరతు పెట్టాను. ఆయుధపూజ నాడు ఇంటివాళ్లను లోపలికి రానిస్తారు కదా… వచ్చి చూస్తాను, నచ్చకపోతే రెక్క పట్టుకుని గుంజుకొస్తానని.

వెళ్లాను. కుంకుమ పళ్లెంతో నేరుగా మిషను గదికేసి నడిచాను. నువ్వు ఏటా ఆ వాల్వుకే బొట్టు పెట్టేవాడివి కదా! స్వప్న అడ్డమొచ్చింది. "ఆగు నానమ్మా! అది నడిచేటప్పుడు ఆ గదిలకు నేనే పోను. నా పనిముట్టు ఇగో, ఇది" అని అద్దం ఇవతల బల్ల మీదున్న కీబోర్డు చూపించింది.

ఇదేం పనిముట్టు, చక్రముందా, పిడి ఉందా? అయినా దాని అంచుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, ఇగ నడిపి చూపమన్నాను.

ఏవో అక్షరాలు కొట్టింది. అద్దం అవతల మిషను గుర్రుమంది. వేడి ఎంతుందని అక్షరాల్లోనే అడిగితే, అది అంకెల్లో జవాబిచ్చింది. ఆపమన్నాను. ఒక్క మాట కొట్టింది… ఆగిపోయింది. నా మాట నువ్వెప్పుడైనా అంత జల్దీ విన్నావా?

నేను ఊరుకుంటానా? మరి మందు సీసాలు ఆ మిషను లోపల ఎవరు పెడతారని నిలదీశాను. మిషను చల్లగా ఉన్నప్పుడే తాను పెట్టి బయటికొచ్చేస్తానంది. మధ్యలో ఏమన్నా ఇరుక్కుంటే? ఆపమని కొడుతుందట. ఫ్యాను ఆవిరినంతా లాగేసేదాకా తలుపు తెరుచుకోదట. మిషను అప్పుడే ఆగింది కదా, ఆ తలుపు గుంజి చూశాను. రాలేదు. రెండు చేతులతో గుంజాను. రాలేదు! వాళ్ల సారు పరేషానయ్యాడు. నా గుండెల మీది కుంపటి మాత్రం దిగింది.

అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. ఈ తలుపు నీకెందుకు లేకపోయిందయ్యా…

అందుకే పంపుతున్నాను. తప్పంటావా?

నీ చొక్కా వాసన ఎన్ని నీళ్లలో జాడించినా పోయేది కాదు. ఇప్పుడు స్వప్న ఇంటికి రాగానే చున్నీ లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంటాను. చెమట, బస్సు పొగ… అంతే. ఏనాడైనా ఆ పాత వాసన తగిలిందో, మర్నాడు కంపెనీ గేటు ముందు నేనుంటాను. మాట ఇస్తున్నా.

ఇగ నిమ్మళంగా పడుకో.

నీ ఇంటామె