ఉపగ్రహం చూసిన పచ్చదనం

పటాన్‌చెరు

పర్యావరణ ఇంజినీరు గారికి,

మా ఊరి చెరువులో పచ్చదనం పెరిగిందని ఉపగ్రహ చిత్రాలు చూసి, నీళ్లు పాడయ్యాయని నా భార్య సుగుణ పెట్టిన ఫిర్యాదును మూసేశారు. ఆ పచ్చదనం గుర్రపుడెక్క. ఫ్యాక్టరీల మురుగు తాగి, నీళ్లు కనపడకుండా బలిసింది. పైనుంచి తీసిన చిత్రాన్ని నేల మీదికి వచ్చి సరిచూడాలని నేను డిగ్రీలోనే చదివాను. మీరెవరూ రాలేదు.

సుగుణ మీ ఆఫీసుకు సీసాలో చెరువు పక్కనున్న మా బోరు నీళ్లు తెచ్చి, "సార్, జెర వాసన సూడుండ్రి" అంటే, మీ గుమాస్తా "శాటిలైట్ కంటే నీ ముక్కు ఎక్కువనా అమ్మా?" అని నవ్వాడు.

ఆ నీళ్లే తాగిన సుగుణ కిడ్నీలు పాడై మార్చిలో చనిపోయింది. మీ జవాబు జూన్‌లో ఆమె పేరు మీదే వచ్చింది.

ఫిర్యాదును మళ్లీ తెరిచి నా పేరు మీదికి మార్చండి. సోమవారం పది గంటలకు చెరువు కట్ట మీద ఉంటాను. గుమాస్తాను పంపకండి, మీరే రండి.

సుగుణ భర్త