మోటరు చుట్టూ కట్టిన తీగ

రాగానే ముందు ఇంటి వెనక మోటరు చుట్టూ మీరు కట్టిన తీగ విప్పి పారేయండి. ఫ్యూజులు పీకేశాను, నాతోనే తీసుకుపోతున్నాను. తీగ అంతా తీసేదాకా మీతో వస్తున్న పాప సాయిప్రియను దొడ్లోకి పోనివ్వకండి.

పక్కింటి రామక్క మేక మన దొడ్లోకి వచ్చి ఆ తీగ తగిలి చచ్చిపోయింది. దాన్ని లాగబోయి రామక్క కూడా పడిపోయింది. చేయి కాలింది, మాట తడబడుతోంది. వాళ్లాయన బొజ్జయ్యా నేనూ ఆమెను ఆటోలో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతున్నాం.

రెండు మోటర్లు దొంగలెత్తుకుపోయిన బాధ నాకు మాత్రం లేదా? మిరప తోట ఎండిపోతుంటే మీతోపాటు నేనూ ఏడ్చాను. గొలుసేసి తాళం పెడదాం, స్టార్టరూ కేబులూ సాయంత్రం ఇంట్లోకి తెచ్చుకుందాం అని ఎంత మొత్తుకున్నాను! "దొంగ ఒక్కసారి ముట్టుకున్నడంటే మళ్ల ఇటు దిక్కు రాడు" అన్నారు. దొంగ రానేలేదు, చూడండి ఎవరు ముట్టుకున్నారో.

ఆటో ఎక్కిస్తుంటే రామక్క నన్ను, "మోటరు కాడ కరెంటు ఎట్ల వచ్చిందమ్మా?" అని అడిగింది. "వైరు తెగి ఉంటది, ఊకో. వాళ్లేం జేస్తరు" అని బొజ్జయ్యే ఆమెకు సర్దిచెప్పాడు.

సాయిప్రియను మీ అక్క ఇంట్లో దింపి దవాఖానాకు రండి. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

బొజ్జయ్యకు నిజం మీ నోటితోనే చెప్పాలి. దారి పొడుగునా ఆయన పక్కన కూర్చుని నేను ఎంతసేపని దాచను? జల్దీ రండి.