ముప్పై శ్వాసలు, మూడు పూసలు

హైదరాబాద్, 12-8-1996

ఖుద్దూస్ బేటా,

అల్లా దయవల్ల నిన్న డయాలిసిస్ అయ్యాక కళ్లు తిరగలేదు. ఫికర్ పడకు. ఆయాసం తగ్గడానికి డాక్టరమ్మ ఒక గొట్టం ఇచ్చింది. నోట్లో పెట్టుకోగానే మన పొయ్యి గొట్టం అనుకుని గట్టిగా ఊదాను. పక్క మంచం మీది సోమమ్మ, పానగల్ ఆమె, నవ్వింది. "అక్కా, ఈడ పొయ్యి లేదు. గాలి లోపలికి గుంజాలె. నేను గూడ రెండు దినాలు గట్లనే ఊదిన" అంది. ఆ గొట్టంతో గాలి పీల్చడం బరువుగా ఉంటుంది. ఊపిరి కండరాలకు అదే కసరత్తట. పొద్దున ముప్పై, సాయంత్రం ముప్పై శ్వాసలు తస్బీ పూసల మీద లెక్కపెడుతున్నాను.

వరండా చివరిదాకా ఆగకుండా నడిస్తే ఇంటికి పంపుతామన్నారు. తర్వాత వారానికి రెండుసార్లు బస్సులో వచ్చిపోవచ్చు. మొదట్లో మూడుచోట్ల ఆగేదాన్ని, నిన్న ఒక్కచోటే ఆగాను. కోడలు వజీరా కాన్పు నాటికి నేను ఆత్మకూరులో ఉండాలి.

మామిడికాయ పచ్చడి పంపకు, ఉప్పు మానేయమన్నారు. నల్ల మేక ఈనిందా? వజీరాను పొగలో కూర్చోనివ్వకు, కొన్నాళ్లు వంట నువ్వే చూసుకో.

నా తస్బీకి ముప్పైమూడు పూసలు. ముప్పై శ్వాసలయ్యాక మిగిలే మూడింటి మీద నీకు, వజీరాకు, పుట్టబోయే బిడ్డకు దువా చేసేదాన్ని. శుక్రవారం సోమమ్మ చనిపోయింది. అప్పటినుంచి నీ పూస ఆమెకు ఇస్తున్నాను. ఏమీ అనుకోకు బేటా. నీకోసం నమాజులో అడుగుతున్నాను.

మీ ముగ్గురినీ అల్లా చల్లగా చూడాలి.

అమ్మీ