మానిటర్ మూలన అంటించిన చిట్టీ

జూన్ 11, సోమవారం

ఆఫీసుకి వెళ్లేసరికి అందరూ కంప్యూటర్ గది గుమ్మం దగ్గర. మా వెబ్‌సైట్ ఉండాల్సిన చోట నల్లటి తెర. పైన పొరుగు దేశం జెండా, కింద ఆకుపచ్చ అక్షరాల్లో ఇంగ్లీషు తిట్లు. సూపరింటెండెంట్ అనంతయ్య గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏంది ఖలీల్, గిట్లెట్ల అయింది?"

"తెల్వది సార్. శనివారం బంద్ చేసి పోయిన. అప్పుడు మంచిగనే ఉండె."

కంప్యూటర్ ఆపరేటర్ ఖలీల్ ఒక్కడే. కాంట్రాక్టు మీద ఉన్నాడు. మౌస్ వదలకుండా అట్లాగే నిలబడ్డాడు. ఇంకో రెండు ఆఫీసుల సైట్లు కూడా ఇట్లాగే అయ్యాయట.

నాకేమీ అనిపించలేదు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి అంతే — ఏది జరిగినా పక్క వాటాలో జరుగుతున్నట్టు ఉంటుంది. పన్నెండున్నరకి డబ్బా విప్పి అన్నం తిన్నాను. వంకాయలో ఉప్పు తక్కువ.

జూన్ 12, మంగళవారం

పేపర్ల నిండా ఇదే. 'శత్రుదేశం పనేనా?' అక్షరాలు పెద్దవి, ప్రశ్నార్థకం చిన్నది.

బస్సులో ఒకాయన కోఠి నుంచి నాంపల్లి దాకా ఆపకుండా మాట్లాడాడు. "సర్కారు మీద దాడంటే మన మీద దాడే..." అందరూ తలలూపారు. ఆ సైట్ ఎప్పుడైనా తెరిచారా అని అడగబోయి ఊరుకున్నాను. పేజీ అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి ఉండేది. అది పెరిగిందంటే నేనో, ఖలీలో.

జూన్ 13, బుధవారం

పాప నోటుబుక్కుల కోసం అబిడ్స్‌లో దిగాను. పోస్టాఫీసు దగ్గరి సందులో ఇంటర్నెట్ సెంటర్ ముందు క్యూ. ఆ నల్ల పేజీని సెంటర్ వాళ్లు దాచి పెట్టుకుని చూపిస్తున్నారట. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి తలుపుకి కట్టారు — దాడి ఇక్కడ చూడవచ్చును.

చూసి బయటికొచ్చిన ఒకాయన, "గింతేనా?" అన్నాడు. పక్కనాయనకి మాత్రం కోపం వచ్చేసింది. "మనోళ్లు గూడ ఆల్లది ఖరాబ్ చెయ్యాలె." అంతా కలిసి ఎదురు హోటల్లోకి చాయ్ తాగడానికి వెళ్లారు. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లలా ఉన్నారు, తృప్తిగా.

నోటుబుక్కులు ఆరు.

జూన్ 14, గురువారం

విచారణకి ఇద్దరు వచ్చారు. పెద్దాయన ఇన్‌స్పెక్టర్, నెమ్మదస్తుడు. అందర్నీ నిలబెట్టి అడిగారు — పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?

"ఖలీల్‌కే సార్," అన్నారు అనంతయ్య గారు. "కంప్యూటర్ పనంత ఆయనదే."

సెక్షనంతా తలూపింది. నేను ఊపలేదని ఇక్కడ రాసుకుందామనుకున్నాను. రాయలేను. ఊపాను.

ఈ పాస్‌వర్డ్ సంగతి ఒక్కసారి సరిగ్గా రాసుకోవాలి. ఉగాది ముందు సైట్ తయారుచేసేటప్పుడు అనంతయ్య గారే అన్నారు — "ఏదన్న పేరు పెట్టమ్మా, నీకు యాదికుండేది." మా ఆయన ఉద్యోగం నాకిచ్చి అప్పటికి రెండు నెలలు. ఆయన కుర్చీ, ఆయన బల్ల. వేరే పేరు తట్టలేదు, కంప్యూటర్‌కీ సైట్‌కీ ఆయన పేరే పెట్టాను. తరువాత రోజుకొకరు నా దగ్గరికి... "అమ్మా, ఆ పేరేదో చెప్పరాదు, మర్చిపోయిన." పదిమంది అడిగినా ఆ పేరు నోటితో చెప్పలేకపోయాను. ఒక చిట్టీ మీద గుండ్రంగా రాసి, బంకతో మానిటర్ మూలన అంటించేశాను. ఎవరికి కావాలంటే వాళ్లు చూసుకోండి, నన్ను అడగకండి అని.

ఇవాళ తలూపిన వాళ్లంతా ఆ చిట్టీ చూసి కంప్యూటర్ తెరిచినవాళ్లే.

జూన్ 15, శుక్రవారం

చిట్టీ లేదు. బంక మరక ఉంది. ప్రారంభం పూజనాడు మానిటర్‌కి పెట్టిన కుంకుమ బొట్టు పక్కనే ఉంది.

అనంతయ్య గారు రిజిస్టర్ ఇచ్చే నెపంతో వచ్చారు. "నేనే పీకేసిన అమ్మా. జర ఎవరితోని అనకు. నీ రైటింగే గద, నీకే కష్టమైతది." మంచి మాటే. నా ఉద్యోగం ఫైలు పట్టుకుని సెక్రటేరియట్ చుట్టూ తిరిగింది కూడా ఈయనే. అందుకే సరేనని రిజిస్టర్ అందుకున్నాను.

మధ్యాహ్నం ఖలీల్‌ని జీపులో తీసుకెళ్లారు. మాట్లాడి పంపిస్తామన్నారు. వాళ్ల చిన్నమ్మ కరాచీలో ఉంటుందని తెలిసిందట. తెలియడానికేముంది, ఆమె కూతురి పెళ్లికార్డు వచ్చినప్పుడు తనే సెక్షనంతా చూపించాడు. ఆమె పంపిన ఖర్జూరాలు అందరం తిన్నాం. అనంతయ్య గారు రెండోసారి అడిగి తిన్నారు.

జూన్ 16, శనివారం

ఖలీల్ రాలేదు.

జూన్ 17, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు దేశం కోసం, సైనికుల కోసం, 'ప్రభుత్వపు కంప్యూటర్ల కోసం' ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాను. బయట చెప్పులు వేసుకుంటుంటే మేరీ వదిన దగ్గరికొచ్చింది.

"మీ ఆఫీసులనే దొరికిండట గద వదినా. భయం కాలేదా, రోజు పక్కన కూసుంటివి?"

పక్కన కూర్చుంది నేనే. నాకు ఎంటర్ మీట ఎక్కడుందో చూపించింది అతనే. మొన్న ఎండల్లో పాపకి జ్వరమొస్తే ఆసుపత్రికి స్కూటర్ మీద తీసుకెళ్లిందీ అతనే. ఇవన్నీ మేరీ వదినతో అనలేదు. "లేదు వదినా" అని మాత్రం అన్నాను.

ఇంట్లో టీవీలో కోటు వేసుకున్న ఒకాయన, ఇది ఒక దేశం వెనకుండి చేయించిన పని అంటున్నాడు. కావచ్చు. మరి మిగతా రెండు ఆఫీసుల్లో ఖలీల్ లేడు కదా.

జూన్ 18, సోమవారం

ఖలీల్ భార్య నస్రీన్ వచ్చింది. సంగారెడ్డి పిల్ల, నాకన్నా గలగలా మాట్లాడేది. సెక్షన్లో ఎవరూ తల ఎత్తలేదు, నేను వరండాలోకి తీసుకెళ్లాను.

"మూడొద్దులాయె మేడం. చిట్టీ ఉంటది, మానిటర్‌కే అతికి ఉంటది, పోయి చూడున్రి అని చెప్పిండట. ఆల్లు వచ్చి చూస్తె లేదట. జూట మాట అంటున్రు. ఉండెనా మేడం? మీరు చూసిన్రా?"

నేను ఏం చెప్పానో రాస్తాను. "కనుక్కుంటాను" అన్నాను.

నా చిట్టీ గురించి నేను కనుక్కుంటానట.

జూన్ 19, మంగళవారం

పొద్దున అటెండెన్స్ రిజిస్టర్ దగ్గర నిలబడి గోడకేసి చూశాను. ప్రారంభం నాటి ఫోటో, ఫ్రేము కట్టించింది. మంత్రి గారి వేలు మీట మీద, పక్కన మా డైరెక్టరు గారు, కొబ్బరికాయ చిప్పలు, బొట్టు పెట్టిన మానిటర్. మూడు నెలల నుంచి రోజూ చూస్తున్న ఫోటోనే.

బొట్టు పక్కన చిట్టీ. నా గుండ్రటి అక్షరాలు. సండే స్కూల్ చార్టులకి రాసి రాసి అలవాటైన చెయ్యి, రెండడుగుల దూరం నుంచి కూడా చదవొచ్చు.

రిజిస్టర్‌లో సంతకం పెట్టి వచ్చి కూర్చున్నాను. అప్పుడు రెండోది గుర్తొచ్చింది. ఇదే ఫోటో సైట్ మొదటి పేజీలో ఉండేది. చిన్నగా పెట్టాడు ఖలీల్ మొదట. డైరెక్టరు గారు తన ముఖం కనబడడం లేదన్నారు. "పెద్దది పెట్టు ఖలీల్" అని చెప్పింది నేను. "గింత పెద్దదెందుకు మేడం, తెరుచుకునేసరికి చాయ్ తాగి రావొచ్చు," అని నవ్వాడు. పెట్టాడు.

మూడు నెలలు ప్రపంచమంతటికీ చూపించాం. ఏ దేశం వాళ్లయినా, ఎవరైనా, ఆయన పేరు కొట్టి లోపలికి వెళ్లిపోవచ్చు.

భయం వేసింది. చాలా రోజులకి ఏదో ఒకటి అనిపించింది.

జూన్ 20, బుధవారం

తెల్లకాగితం తీసుకుని 'గౌరవనీయులైన' దాకా రాశాను.

ఉద్యోగం పోతుంది. ఇంకో ఆర్నెల్లయితే గానీ పర్మనెంట్ కాదు. పాప ఇంటర్ మొదటి సంవత్సరం, ఈ రెండు గదుల వాటా... రాయకపోతే ఖలీల్ అబద్ధాలకోరు అవుతాడు. తరువాత ఇంకా ఏమేం అవుతాడో పేపర్ వాళ్లు చెబుతారు.

పాప చూసింది. "ఏం రాస్తున్నవ్ మమ్మీ?"

"లీవ్ లెటర్."

జూన్ 21, గురువారం

అందరూ రాకముందే వెళ్లి ఫోటో దించాను. పేపర్లో చుట్టాను. పైకి వచ్చిన పేజీలో కూడా అదే వార్త. నాంపల్లి రైల్వే స్టేషన్ ముందునుంచి పోలీసుల ఆఫీసు దాకా నడిచే వెళ్లాను, ఆగితే వెనక్కి తిరుగుతానేమోనని.

ఇన్‌స్పెక్టర్ గారు ముందు మంత్రిని చూశారు, తరువాత డైరెక్టరుని. నేను వేలుపెట్టి చూపించాను. ఆయన ఫ్రేము కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివారు.

"ఎవరు రాసిన్రు?"

"నేనే సార్."

"మరి మొన్న మేం చూస్తె లేదు."

"తీసేశాం." అనంతయ్య గారి పేరు చెప్పలేదు. అదీ తప్పేనేమో.

"ఈ ప్రభుదాస్ ఎవరు?"

పద్నాలుగు నెలలైంది ఈ పేరు పలికి. పాప దగ్గర డాడీ, ఆఫీసు కాగితాల్లో కీర్తిశేషులు. కంప్యూటర్ ముందు మాత్రం రోజూ పొద్దున్నే వేళ్లతో ఒక్కో అక్షరం కొట్టేదాన్ని, తెర వెలిగేది. అది నాకెంత కావలసి వచ్చిందో ఆ బల్ల ముందు నిలబడితే గానీ తెలియలేదు.

"మా ఆయన సార్. ప్రభుదాస్."

రాసుకున్నారు. "ఏడుంటడు?"

"లేరు సార్. చనిపోయారు."

పెన్ను ఆగింది. రాసింది కొట్టెయ్యలేదు.

"మరి ఖలీల్‌ని..." అన్నాను.

ఆయన ఫ్రేము బల్ల మీద బోర్లా పెట్టారు. "చూస్తం అమ్మా. పైనుంచి రోజుకు నాలుగు ఫోన్లు. బయట జనం చూస్తున్రు గద, ఎంత గరంగున్నరో. దేశం మీద దాడి అంటున్నరు. ఇప్పుడు పోయి చిట్టీ అని ఎట్ల చెప్పాలె?"

ఫోటో తిరిగివ్వలేదు. రసీదు అడగడం మర్చిపోయాను.

జూన్ 22, శుక్రవారం

మెమో ఇచ్చారు. సంతకం చేసి తీసుకున్నాను. గోడ మీద మేకు ఒక్కటే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

పేపర్లో మా వార్త లోపలి పేజీకి పోయింది. అబిడ్స్ సెంటర్ తలుపుకి అట్టముక్క కూడా లేదు. బస్సులో క్రికెట్.

పన్నెండింటికి కొత్త మనిషి వచ్చాడు, సైట్ మళ్లీ నిలబెట్టడానికి. ఖలీల్ కుర్చీలో కూర్చున్నాడు. అనంతయ్య గారు నిన్నంతా నాతో మాట్లాడలేదు, ఇవాళ వచ్చి వెనక నిలబడ్డారు.

"కొత్త పాస్‌వర్డ్ ఏం పెడదామమ్మా? యాదికుండేది చెప్పు. చిట్టీ గూడ నువ్వే రాయి, నీ రైటింగ్ మంచిగుంటది."

కొత్త మనిషి మీటల మీద వేళ్లు పెట్టి నాకేసి చూస్తున్నాడు. బయట వరండా బెంచీ మీద నస్రీన్, ఒళ్లో ఖలీల్ కోసం తెచ్చిన టిఫిన్ డబ్బా. పొద్దుట్నుంచి అక్కడే ఉంది.